రోడ్డుకు కనపడని వైపు

ఒమాన్‌లో మేమున్న పేటకు ఇళ్ళ కట్టుబడి నిబంధనలు రాస్తున్నప్పుడు వాటిలో రెండు మాటలు నా అంతట నేను చేర్చాను. ఎవరూ చేర్చమనలేదు. నా భార్య పోయి పదకొండు నెలలైంది. ఇప్పుడీ సంగతి రాస్తే నొచ్చుకునేవాళ్ళు నేను తప్ప ఎవరూ లేరు.

అవి డెబ్భైల నడిమి సంవత్సరాలు. ముందు ఆమె వెళ్ళింది. మా కోస్తా జిల్లాల మిషన్ ఆసుపత్రుల్లో నర్సింగు చదివిన ఆడపిల్లలు అప్పుడప్పుడే అటు వెళ్ళడం మొదలుపెట్టారు. ఏడాది తర్వాత నేను పి.డబ్ల్యు.డి.లో డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం వదిలి ఆమె దగ్గరికి చేరాను. ఆమె పనిచేసే కట్టుబడి కంపెనీయే నాకూ డ్రాయింగ్ ఆఫీసులో పని ఇచ్చింది. నలుగురితో చెప్పేటప్పుడు మాత్రం ఆమె వల్ల నాకు ఉద్యోగం వచ్చిందని అనేవాణ్ణి కాదు.

సీబ్‌కి ఇవతల, విమానాశ్రయం రోడ్డు పక్కన మా ఇల్లు. రోడ్డు వైపు రెండు గదులు కంపెనీ డిస్పెన్సరీ. వెనక రెండు గదుల్లో మా కాపురం. డాక్టరు వారానికి రెండు రోజులు వచ్చేవాడు. మిగిలిన రోజుల్లో కట్టుకట్టినా, సూది వేసినా, జ్వరం చూసినా ఆమే.

అక్కడి బావినీళ్ళు ఉప్పు. తాగే నీళ్ళు ట్యాంకరులో వచ్చేవి గాని అవీ అంత మంచివి కావు. అప్పట్లో సిరంజిలు గాజువి. వాడిన ప్రతిసారీ నీళ్ళలో వేసి మరిగించాలి. ఈ నీళ్ళలో మరిగిస్తే సిరంజి లోపల తెల్లటి పొర కట్టేది. లోపలి గాజుకడ్డీ ఇరుక్కుపోయేది. సగం మందు ఎక్కాక కడ్డీ ఆగిపోతే సూది తీసి మళ్ళీ గుచ్చాలి. డిస్టిల్డ్ వాటర్ మత్రా రేవు నుంచి రావాలి. స్టోరువాళ్ళకి గుర్తున్నప్పుడు వచ్చేది. వచ్చినదాంట్లో సగం లారీల బ్యాటరీలకి పోయేది.

ఆఫీసులో ఒక పాత పత్రికలో ఎండతో ఉప్పునీటిని శుద్ధిచేసే పెట్టె బొమ్మ చూసి ఆమెకి చెప్పాను. చెప్పి మరిచిపోయాను. ఆమె మరిచిపోలేదు. వారంలోగా కొలతలతో బొమ్మ గీసిపెట్టమంది. సైట్‌లో మిగిలిన కిటికీ అద్దం ఒకటి అడిగి తెప్పించుకుంది. కంపెనీ కూలీల క్యాంపు నుంచి ఒక మేస్త్రీని పిలిచింది. అతనిది కరీంనగర్ జిల్లా. అంతకు ముందు నెల అతని చేతికి ఆమె కుట్లు వేసింది.

అతను మేడ మీద నిలబడి బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అక్కా, ఎండతోని నీళ్ళు కాస్తవా ఏంది? ఈడ నల్లా ఇప్పితెనే చేతులు కాల్తున్నయి గదా."

"కాచడం కాదు తమ్ముడూ. ఆవిరి పట్టడం. ఉప్పు కింద ఉండిపోతుంది, ఆవిరి అద్దానికి పట్టి కిందికి జారుతుంది. సారా కాయడం లాంటిదే."

"గట్ల జెప్పు మరి. గదైతె నాకెరుకే." అతను నవ్వాడు. "సిస్టరమ్మ బట్టి వెడుతున్నదని క్యాంపుల జెప్త."

"చెప్పకు. నిజమనుకుని గ్లాసులు పట్టుకొస్తారు."

"అస్తె అచ్చిండ్రు. సూది ఏసి పంపు."

అక్కడ సెలవు శుక్రవారం. రెండు శుక్రవారాల్లో పని అయిపోయింది. మంచమంత వెడల్పున లోతు తక్కువ సిమెంటు తొట్టి. లోపల నల్లగా తారు పూత. పైన దక్షిణానికి వాలుగా అద్దం. కింది అంచున నిలువునా చీల్చిన గొట్టం, దాని కొసన గాజుసీసా. మొదటి కొన్ని రోజుల నీళ్ళు తారు వాసన వచ్చాయి, పారబోసింది. ఆ తర్వాత వచ్చిన నీళ్ళకి ఏ వాసనా లేదు, ఏ రుచీ లేదు. వేసవిలో సాయంత్రానికి రెండు సీసాలు నిండేవి. సిరంజిలకి అది చాలు. ఆ సీసాల మీద చీటీలు నేనే రాసి అంటించాను. డ్రాయింగుల మీద రాసే అచ్చు అక్షరాలతో మందుసీసాలన్నిటికీ నేనే రాసేవాణ్ణి.

ఆమె అంత సంతోషంగా ఉండటం ఆ దేశంలో నేను చూసింది ఆ కొన్ని నెలలే. మరిగించిన సిరంజి తీసి కడ్డీని పైకీ కిందికీ ఆడించి నాకు చూపించేది. అందులో చూడటానికేముందని అనుకునేవాణ్ణి. చూసేవాణ్ణి.

ఆ ఏడే ఆ రోడ్డు వెంబడి ఇళ్ళు ఎలా ఉండాలో నిబంధనలు తయారుచేసే పని మా కంపెనీకి వచ్చింది. విమానం దిగి మస్కట్ వెళ్ళేవాళ్ళకి దారి పొడుగునా ఇళ్ళు ఒక పద్ధతిలో కనపడాలి. మా పెద్ద ఇంజినీరు ఇంగ్లీషువాడు. ఆయన చెప్తుంటే నేను రాసుకుని పెద్ద కాగితం మీదికి ఎక్కించాను. గోడలకి తెలుపో ఇసుక రంగో వేయాలి. ఇన్ని అడుగులకి మించి ఎత్తు ఉండకూడదు. నీళ్ళ ట్యాంకులు రోడ్డుకు కనపడకూడదు, మేడ మీద వెనకవైపే పెట్టాలి.

ఆయన అన్నది ట్యాంకులని మాత్రమే. నేను 'ట్యాంకులు, ఇతర అమరికలు' అని రాశాను. పి.డబ్ల్యు.డి.లో నేర్చిన అలవాటు అది. ఏ జాబితా రాసినా చివర 'ఇతరములు' లేకపోతే మా హెడ్డు గుమాస్తా కాగితం వెనక్కి విసిరేసేవాడు. రాసిందాంట్లో సందు ఉండకూడదనేవాడు. ఇంజినీరు పైపైన చదివి, బాగా వచ్చిందని సంతకం పెట్టాడు. ఆ సాయంత్రం ఆయన మెచ్చుకున్నాడని ఆమెకి చెప్పుకున్నాను. దేనికి మెచ్చుకున్నాడో ఆమె అడగలేదు. మా మేడ మీద ఏముందో నాకు తట్టనే లేదు. నమ్మినా నమ్మకపోయినా అదే నిజం.

నవంబరులో వాళ్ళ జాతీయ దినోత్సవానికి ముందు బల్దియా, అంటే అక్కడి మునిసిపాలిటీ, ఇన్‌స్పెక్టరు ఇంటింటికీ తిరిగాడు. పెద్దాయన. జాంజిబార్‌లో పుట్టి పెరిగి, కొత్తగా సొంత దేశానికి తిరిగివచ్చిన ఒమానీ. మంచి ఇంగ్లీషు మాట్లాడేవాడు. శుక్రవారం కాకపోయినా ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను, ఒంట్లో బాగాలేక. ముగ్గురం మేడ ఎక్కాం. ఆయన పెట్టె చుట్టూ తిరిగి, సీసాలో పడుతున్న చుక్కల్ని కాసేపు చూశాడు.

"చాలా తెలివైన పని, సిస్టర్. కాని రోడ్డుకు కనపడుతోంది."

"దీన్ని దక్షిణానికే పెట్టాలండీ. రోడ్డు అటే ఉంటే నేనేం చేయను?"

"వెనక్కి పెట్టుకోండి. వెనకవైపు అభ్యంతరం లేదు."

వెనకవైపు అంటే ఉత్తరం, మెట్ల గది చాటు. చలికాలం పొద్దంతా ఆ గది నీడ అక్కడే పడుతుంది. ఆమె ఆ సంగతి చెప్పింది. ఆయన విన్నాడు. విని, సంచిలోంచి నిబంధనల కాగితం తీసి పిట్టగోడ మీద పరిచాడు.

"ట్యాంకులని మాత్రమే ఉంటే నేను చూడనట్టు వెళ్ళిపోయేవాణ్ణి. ఇది ట్యాంకు కాదు కదా. కాని ఇదిగో, ఇతర అమరికలు అని కూడా ఉంది. దాన్ని నేను దాటిపోలేను."

ఆమె వంగి ఆ కాగితం చూసింది. తర్వాత సీసా మీది చీటీ చూసింది. తర్వాత తెలుగులో నన్నడిగింది.

"ఇది మీ రాత కదండీ?"

"రాత నాదే. చెప్పేది మా ఇంజినీరు. నేను ఎక్కించేవాణ్ణే."

ఇన్‌స్పెక్టరుకి తెలుగు రాదు. మా ఇద్దరి ముఖాలూ చూసి ఆయనే ఒక దారి చెప్పాడు. నిబంధనలు రాసింది మా కంపెనీయే కాబట్టి, ఆ మాటలు ఇలాంటి పెట్టెకి వర్తించవని కంపెనీ ఒక ముక్క రాసిస్తే చాలు, ఆయన ఫైలులో పెట్టుకుని ఊరుకుంటాడు. పదిరోజులు గడువిచ్చాడు. కాఫీ తాగి వెళ్ళాడు.

పదిరోజులూ నేను ఇంజినీరు గది ముందునుంచి వెళ్ళాను, వచ్చాను. అడగాలంటే ముందు ఆ మాటలు నేను చేర్చానని చెప్పాలి. ఆయన సంతకం పెట్టిన కాగితంలో ఆయన చెప్పని మాటలు ఉన్నాయని చెప్పాలి. కిందటి నెలలోనే కొలత తప్పు రాశాడని బొమ్మలకి నకళ్ళు తీసే ట్రేసరు ఒకణ్ణి ఇంటికి పంపించారు. నా కాంట్రాక్టు జనవరిలో తిరగరాయాలి. ఇవన్నీ నిజాలే. ఆమె కాంట్రాక్టు ఉండగా మా ఇంటికి ఇబ్బంది లేదన్నదీ నిజమే.

తొమ్మిదో రోజు నేను ఇంటికి రాగానే ఆమె అడిగింది.

"అడిగారా?"

"అడిగాను. కుదరదన్నాడు."

"ఏమన్నాడు?"

"ఒకరికి ఒప్పుకుంటే అందరూ వస్తారన్నాడు."

ఇంత సుళువుగా ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు. ఆమె సరేనంది. మర్నాడు మేస్త్రీని పిలిపించింది. అతను ఇంకో ఇద్దర్ని తెచ్చుకుని పెట్టెని పగలకుండా మెట్ల గది వెనక్కి జరిపాడు.

"గీడ పెడితె దీనికి ఎండేడికెల్లి అస్తదక్కా? గిది వెట్టుడెందుకు, పలగ్గొట్టుడే నయం."

"ఉండనీ తమ్ముడూ."

"ఎవడు రాసిండో గాని, ఆనికి ఓపారి సూది ఏసి సూపియ్యాలె."

ఆమె నా వైపు చూడలేదు. చూస్తుందేమోనని నేను అటు తిరిగి నిలబడ్డాను.

నీడలో ఆ పెట్టె రోజంతా కలిపి ఒక టీ గ్లాసెడు నీళ్ళు ఇచ్చేది. సిరంజిలు మళ్ళీ పొర కట్టాయి. సాయంత్రం డ్యూటీ అయ్యాక ఆమె కుర్చీ వేసుకుని, వెనిగర్‌లో ముంచిన దూదితో ఒక్కొక్క సిరంజినీ తోమేది. వేళ్ళు మండేవి. నేను ఎదురుగా కూర్చుని పుస్తకం చదువుకునేవాణ్ణి. ఏ పుస్తకాలో ఇప్పుడు గుర్తులేదు. ఒకరోజు నిజామాబాద్ కుర్రవాడొకడికి రెండుసార్లు గుచ్చాల్సొచ్చింది. తప్పు నాది నాయనా అని ఆమె అతనికి చెప్తుంటే తడిక అవతల నాకు వినపడింది.

ఫిబ్రవరిలో పెద్ద ఇంజినీరు సైట్‌లో మేకు తొక్కాడు. ధనుర్వాతం సూది కోసం ఆయన్ని డిస్పెన్సరీకి తెచ్చారు. మర్నాడు పొద్దున నన్ను గదిలోకి పిలిచాడు.

"మీ ఇంటి మేడ మీద ఏదో ఎండ పెట్టె ఉందట. నేను కుదరదన్నానట. ఎందుకన్నారని మీ ఆవిడ నన్నడిగింది. నేనెప్పుడన్నాను?"

నేను తలుపు దగ్గరే నిలబడ్డాను.

"నన్ను అడిగావా?"

"లేదు సర్."

ఆయన నిబంధనల కాగితం తెప్పించుకుని చదివాడు. ఈసారి నెమ్మదిగా చదివాడు.

"ఇతర అమరికలు అని నేను చెప్పానా?"

"లేదు సర్. నేను చేర్చాను. సందు లేకుండా ఉంటుందని."

"చేర్చేముందు అడుగు" అన్నాడు. అంతే అన్నాడు. బల్దియాకి ఉత్తరం ఆయనే రాశాడు, రెండు నిమిషాలు పట్టలేదు. నా కాంట్రాక్టు అప్పటికే తిరగరాసి ఉంది. పదిరోజులు దేనికి భయపడ్డానో ఆ గదిలో ఎక్కడా కనపడలేదు.

ఉత్తరం తెచ్చి ఆమెకిచ్చాను. చదివింది. ఏదో ఒకటి అంటుందని నిలబడ్డాను. అబద్ధం ఎందుకు చెప్పారని అడిగితే చెప్పడానికి దారంతా మాటలు కూర్చుకుని వచ్చాను.

"థాంక్సండీ" అంది.

పెళ్ళయిన ఆరేళ్ళలో ఆమె నాకు థాంక్స్ చెప్పడం అదే మొదలు. ఆ శుక్రవారం నేను మార్కెట్టుకి వెళ్ళివచ్చేసరికి పెట్టె మళ్ళీ ముందువైపు ఉంది. అద్దం వాలు ఆమే కొలిచి పెట్టించిందట. మేస్త్రీ చెప్పాడు.

ఆ ఇంట్లో ఇంకో నాలుగేళ్ళున్నాం. బాగానే ఉన్నాం. మమ్మల్ని చూసి బాగా ఉన్నారని అందరూ అనేవాళ్ళు. ఆ పెట్టె గురించి మాత్రం నన్ను ఒక్క పనీ అడగలేదు. పగిలిన గొట్టం మార్చాల్సి వచ్చినప్పుడు కొలతలు నేను ఆఫీసుకెళ్ళాక తీసుకుంది. అది కోపమని, తనకి చెప్పిన అబద్ధం ఇంజినీరు నోట విన్నందుకు ఆమె మనసు విరిగిందని, నామీద ఉన్న నమ్మకాన్ని నా చేతులతో నేనే పోగొట్టుకున్నానని అనుకుంటూ వచ్చాను. ఆ బాధలో నాకు కొంత మర్యాద కూడా ఉండేది. పోగొట్టుకోవాలంటే ఆ నమ్మకం ముందు ఉండాలి కదా.

కిందటేడు మా జిల్లా ఆసుపత్రిలో, ఆమె ఇక లేవదని తెలిశాక, ఒక మధ్యాహ్నం ఆ సంగతి ఎత్తాను. అడగలేదని, అబద్ధం చెప్పానని, ఆ మాటలు నేనే చేర్చానని వరసగా చెప్పాను. ఆమె కళ్ళు మూసుకునే వింది.

"మీరు అడగరని ఆ రోజే తెలుసండీ" అంది.

"ఏ రోజు?"

"ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు. అందుకే, ఇంజినీరు కాలికి మేకు దిగిందంటే ఇదే సమయమని, నేనే అడిగాను."

"మరి నన్నెందుకు అడిగావు, అడిగారా అని?"

ఆమె నిద్రపోయిందనుకున్నాను.

"అడక్కపోతే మీరు బాధపడతారని" అంది.

ఇంతేనండి జరిగింది. ఆమె మనసు విరగడానికి అక్కడేమీ లేదు. ఆ తర్వాత నర్సు వచ్చి సెలైన్ మార్చింది. నర్సు చేసేదంతా నా భార్య కళ్ళు తెరిచి చూసి, సీసా కాస్త పైకి పెట్టమ్మా, బాగా దిగుతుంది, అని చెప్పింది.