రెండు పొయ్యిల ఉదారవాదం

మేము చదువుకునే కాలంలో బళ్లారిలో పదిమంది కుర్రాళ్లు ఒకచోట చేరితే ఒక పార్టీ పుట్టేది. పదకొండోవాడు రాగానే అది రెండుగా చీలేది. నేనూ ఒక పార్టీ పెట్టాను. పెట్టడమే కాదు, గెలిపించి ప్రభుత్వం కూడా నడిపాను. ప్రపంచ ఉదారవాద చరిత్ర రాసినవాళ్లు ఇంగ్లండు దగ్గరే ఆగిపోయి మా బళ్లారిదాకా రాకపోవడం వాళ్ల బద్ధకం. (సరే, ప్రభుత్వమంటే హాస్టలు మెస్సు కమిటీ. అయినా హాస్టలు మొత్తం ఆకలి నా చేతిలో ఉండేది. కొందరు ప్రధానులకు ఆ మాత్రం బాధ్యత కూడా ఉండదు.)

మా హాస్టలులో అందరూ ఒకే పంక్తిలో కూర్చుని ఒకే తిండి తినాలి. సిరుగుప్ప కాలవల కింద నుంచి వచ్చినవాళ్లకు అన్నం కావాలి. సండూరు వైపువాళ్లకు జొన్నరొట్టె లేకపోతే తిన్నట్టే ఉండదు. కమిటీ ఎవరిదైతే తిండి వాళ్లది. ఆ ఏడు రాజ్యం రొట్టెది. దాని నాయకుడు సండూరు దగ్గరి తారానగర్ నుంచి వచ్చిన నా గదిలోవాడే. ఆకారాన్ని బట్టి అందరం 'కొండ' అనేవాళ్లం. సరిగ్గా అప్పుడే క్లాసులో నాచేత వివిధ దేశాల ఉదారవాద పార్టీల మీద వ్యాసం రాయించారు. ఆ వేడిలో ఎన్నికల సభలో బల్ల ఎక్కేశాను. ఉదారవాది అనే పేరు స్పెయిన్ రాజకీయాల్లో ఎలా పుట్టిందో, ఇంగ్లండులో రాజ్యమేలినవాళ్లు మూడో స్థానానికి ఎలా జారారో, ఆస్ట్రేలియాలో అదే పేరు పెట్టుకున్నవాళ్లు సంప్రదాయవాదుల పక్కన ఎందుకు కూర్చున్నారో చెప్పి, "ఎవరికి కావాల్సింది వాళ్లు తినడమే స్వేచ్ఛ" అని ముగించాను. చప్పట్లకు పైకప్పు రేకులు అదిరాయి. (చప్పట్లు ఆఖరి వాక్యానికే. స్పెయిన్ దగ్గరే సగంమంది నిద్రపోయారు.)

గెలిచాను. మర్నాడు పొద్దున్నే మా వంటాయన, అందరం భట్రు అని పిలిచే పెద్దాయన, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని నా గది ముందు నిలబడ్డాడు.

"ఏందప్పా, రొట్టెలూ చేయాల్నంట, అన్నమూ వండాల్నంట?"

"అవును భట్రే. అదే స్వేచ్ఛ."

"స్వేచ్ఛ మీకు, సెగ నాకా? నాకూ ఇయ్యప్పా రవంత స్వేచ్ఛ. ఊరికి పోతాండా."

అన్నంత పనీ చేశాడు. మధ్యాహ్నానికి హాస్టలంతా ఖాళీ కంచాల మోత. కొండ మంచం మీద పడుకుని నవ్వుతున్నాడు.

"ఏమప్పా ప్రధానీ, ఇంగ్లండులో ఇట్లయితే ఏం చేస్తారు?"

"రాజీనామా చేస్తారు."

"చెయ్యి మల్ల. సాయంత్రం రొట్టెలు తిందాం."

సాయంత్రంలోగా తిండి పెట్టకపోతే నా పార్టీ అంతటితో సరి. ఇంగ్లండులో మా ఉదారవాదులు ఇలాగే రెండు పక్షాల నడుమ నలిగిపోయారని వ్యాసంలో రాసింది నేనే. బస్టాండుకు పరిగెత్తాను. ఆయన ఊరికున్న ఒక్క బస్సూ ఇంకా కదల్లేదు. భట్రు అప్పటికే కిటికీ పక్క సీట్లో కూర్చున్నాడు.

"అన్నం, సాంబారు మీరు చేయండి భట్రే. రొట్టె కావాల్సినోళ్లు వాళ్లే తట్టుకుంటారు. రెండో పొయ్యి నేను పెట్టిస్తా."

"తట్టేది యాడొస్తాది వాళ్లకు?"

"ముందు నేనే తడతా."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, సంచీ తీసుకుని బస్సు దిగాడు. "ఆయ్తు, సరే. అది చూసే పోతా."

ఆ సాయంత్రం హాస్టలంతా చుట్టూ మూగి చూస్తుండగా నా మొదటి రొట్టె పెనం మీద పడింది. కొండ వంగి చూశాడు. "ఇది ఏ దేశం పటమప్పా?"

"ఆస్ట్రేలియా."

"లెయ్. పిండి పాడు చేస్తాండావు" అని నన్ను పక్కకు నెట్టి తానే కూర్చున్నాడు. అలా ప్రతిపక్ష నాయకుడు నా ప్రభుత్వంలో రొట్టెల మంత్రి అయ్యాడు. భట్రు మళ్లీ బస్సెక్కలేదు.

ఇక అసలు సంగతి. నేను మానవజాతి స్వేచ్ఛ కోసం బల్ల ఎక్కలేదు. మాది సిరుగుప్ప దగ్గర, తుంగభద్ర ఒడ్డున కెంచనగుడ్డ. అన్నం కోసం మొహం వాచి ఎక్కాను. తీరా అన్నం వచ్చాక, కొండ చేతి రొట్టె రుచి మరిగి అటువైపే కూర్చునేవాణ్ణి.

మొన్న వెళ్లి చూస్తే ఆ హాస్టలులో ఇప్పటికీ రెండు పొయ్యిలు మండుతున్నాయి. ఏయే దేశాల్లో మా పార్టీలు ఎలా పడిపోయినా ఇక్కడ మాత్రం నిలిచాం. ఆ గర్వంతో గాంధీనగర్‌లో ఇంటికి వచ్చి, చక్కెర జబ్బు పేరు చెప్పి మా ఆవిడ కంచంలో వేసిన జొన్నరొట్టె చూసి, స్పెయిన్ నుంచి మొదలుపెట్టాను.

"స్పెయిన్ నుంచి ఈడికొచ్చేలోగా ఆరిపోతాది, తినండి. అన్నమే కావాలంటే రెండో పొయ్యి ఖాళీగానే ఉండాది, వండుకోండి" అంది.

స్వేచ్ఛ పూర్తిగా ఉంది. లేచి వండుకునే మోకాళ్లే లేవు. రొట్టె తుంచాను. కొండ తట్టినంత గుండ్రంగా లేదు గానీ, ఆస్ట్రేలియా కంటే ఎంతో నయం.