మగ్గం కాలి కింది మద్రాసు నెంబరు

"ఎవురప్పా నా మగ్గం కాలు ముట్టుకునింది?"

ఎమ్మిగనూరులో మా వీరన్న బావ ఇంట్లోంచి అరిచిన అరుపు వీధి చివర కొళాయి దాకా వినిపించింది. ఆ కొళాయి దగ్గర గొంతుక్కూర్చొని, చింతపండు ముద్దతో పాత రేకు ఒకటి తోముతా ఉండింది నేనే. నిన్న మధ్యాహ్నం మాట ఇది. చెప్తా వినండి. నవ్వితే నవ్వండి గానీ, ముందు కోపం వచ్చింది బావకు కాదు, నాకు.

నాకు పాత బండ్ల నెంబరు ప్లేట్లంటే పిచ్చి. చదివింది పదో తరగతే, అదీ రెండు దఫాలు. అయినా ప్లేటు చూస్తే అది ఏ కాలందో చెప్పేస్తా. మనం మద్రాసు కింద ఉన్నప్పుడు నెంబరు M తో మొదలు. మన రాష్ట్రం మనకు వచ్చినాక A. సొంత బండికి నల్ల రేకు మీద తెల్ల అక్షరాలు, బాడుగ బండికి తెల్ల రేకు మీద నల్ల అక్షరాలు. అంతా పెయింటర్ చేతి రాత. '2' అంకె మెడను ఒక్కో పెయింటర్ ఒక్కో తీరుగా వంచేవాడు. ఇప్పుడేముంది, మిషన్లో నొక్కిన అల్యూమినియం, అన్నిటికీ ఒకటే మొహం. చూస్తేనే ఒళ్లు మండుతుంది. ఆదోనిలో మా ఇంటి గోడకు పదకొండు ప్లేట్లు తగిలించినాను. తెల్ల రేకు మీద M మాత్రం దొరకలేదు.

అది ఎక్కడ ఉండిందో తెలుసా? మా అక్క ఇంట్లోనే. బావ వాళ్ల తాతకు బట్టల మూటలు తోలే వ్యాను ఉండేదంట. వ్యాను పోయినాక దాని ప్లేటు తెచ్చి మగ్గం వెనక కాలు కింద పెట్టినారు, నేల ఎగుడుదిగుడుగా ఉందని. పోయిన వారం చెప్పు వెతుక్కుంటా వంగితే రేకు అంచున M కనిపించింది. నాకు రక్తం ఉడికిపోయింది.

"బావా, ఇట్లాంటి దాన్ని మగ్గం కింద తొక్కించి పెడతావా?"

"దానికి ఆడ పని ఉంది. నీ గోడకేం పని?" అన్నాడు.

ఆ మాటకే మంట. ఆ మంటలోనే నిన్న మళ్లీ ఎమ్మిగనూరు బస్సెక్కినాను. సంచిలో మెకానిక్ షాపులో అడిగి తెచ్చుకున్న AP 39 ప్లేటు. బావ అన్నం తిని కునుకు తీస్తాండాడు, అక్క పక్కింట్లో ఉంది. ఎదురింటి ఆటో అతని జాకీ అడిగి తెచ్చి, మగ్గం కాలు ఇంత లేపి, M లాగేసి, కొత్త ప్లేటు నాలుగు మడతలు వేసి దోపినాను. ఎత్తు సరిగ్గా సరిపోయింది. నన్ను నేనే మెచ్చుకుంటా, M రేకు తోమేకి కొళాయి కాడికి పోయినాను.

బావ లేచి మగ్గం మీద కూర్చున్నాడు. నాలుగు దెబ్బలు కొట్టినాడో లేదో, నా అల్యూమినియం అప్పడం మాదిరి అణిగిపోయింది. మగ్గం ఒక పక్కకు ఒరిగింది. ఆ పక్క పోగులు వందలుగా పటపట తెగిపోయినాయి.

అరుపు విని నేను ఇంటికి ఉరికినాను. గడపలోనే అక్క.

"ఆ చీర ఎవురిదో తెలుసా నీకు?"

నాకు తెలియదు. ముప్పై ఏండ్లుగా బావ నేసిన చీరలన్నీ ఊర్లోవాళ్లు కట్టినారు. అక్క కట్టుకునింది అంగట్లో కొన్నవే. ఎల్లుండి కొడుకు నిశ్చితార్థానికి మొదటిసారి అక్క కోసమని నేస్తాండాడు. ఇంక మూడు జానలే మిగిలింది.

"యాడ ఆ రేకు?" అన్నాడు బావ.

చెయ్యి చాపినాను. చాపినాక చూసుకున్నాను. చింతపండు దెబ్బకు తుప్పుతో పాటు పెయింటు కూడా లేచిపోయింది. M లేదు, అంకెలు లేవు. ఇత్తడి చెంబు మాదిరి తోమినా గదా, ఒట్టి ఇనుప రేకు మిగిలింది. నా మీద నాకే పుట్టిన కోపం చెప్పుకునేకి అక్కడ వినేవాళ్లు లేరు.

బావ దాని అంచు వేలితో తడిమి చూసినాడు. తీసుకొని మళ్లీ కాలు కిందే పెట్టినాడు. అక్క అనింది:

"పోగులన్నీ అతికే దాకా ఈ ఇంట్లో ఎవురికీ రొట్టె ల్యా. నాక్కూడా."

కూర్చున్నాను. తెగిన పోగుకు పోగు చేర్చి, బూడిద అద్ది, వేళ్ల మధ్య మెలి తిప్పాల. బావ పది అతికేలోపల నేను ఒకటి.

"గట్టిగా తిప్పొద్దు. అది బోల్టు కాదు."

"తిప్పకుంటే జారిపోతాంది బావా."

"నోరు జారినంత జారదులే, తిప్పు."

దీపాలు పెట్టే వేళకు అయిపోయింది. బావ అడ్డపోగు తోలే నాడె విసిరి రెండు దెబ్బలు కొట్టినాడు. నిలిచింది. కానీ వేలెడు మేర నేత వంకర పోయింది. అక్క వంగి చూసింది.

"పల్లూ ముందే నేసినావు గదా. ఈ కొస బొడ్లోకి దోపుకునేది. ఎవురికి కనిపిస్తాది?"

"నేసినోనికి కనిపిస్తాది."

"అయితే నువ్వు ఆ పొద్దు నా మొహమే చూడు," అనింది అక్క. బావ లేచి చేతులు కడుక్కున్నాడు.

ముగ్గురం కూర్చున్నాం. జొన్న రొట్టె, పుంటికూర పప్పు. ఆకలికి కండ్లు తిరుగుతాండాయి. రొట్టె పట్టుకుంటే వేళ్ల కొసలు భగ్గుమన్నాయి, బూడిదకూ పోగులకూ తోలు లేచిపోయింది. ఇటు పట్టినా, అటు పట్టినా, తునక రాలేదు.

బావ నా రొట్టె తన పళ్లెంలోకి లాక్కొని ముక్కలు చేస్తా అక్కతో అన్నాడు:

"ఇన్ని వందల పోగులు తెంపినోనికి, జొన్న రొట్టె తుంచేకి చేతనైతల్యా చూడు."