ఎడమ మూలలోని అక్షరం

మా చెల్లెలు పదేళ్లు కంప్యూటరు చిప్పుల పటాలు కోసింది. ‘కోసింది’ అన్నది పొరపాటు మాట కాదు. ఆ రోజుల్లో చిప్పులోని తీగల దారులను బల్లంత ఎర్రటి ఫిల్ము మీద కత్తితో కోసి, ఆ తర్వాత ఫోటో తీసి గోరంతకు కుదించేవారు. ఫిల్మును నిలబెట్టిన గాజుపలకకు బిగించేవారు. ఇవతల ఆమె కోసేది. అవతల నిలబడి ఒక సహోద్యోగి తప్పులు పట్టేవాడు. ఆఫీసంతా అతణ్ణి ‘తప్పులాయన’ అనేది.

ఉద్యోగం మారి వెళ్లే రోజున అతను, "ఎడమ మూలన నీ పేరులోని ‘ల’ పెట్టాను. చిప్పు వచ్చాక చూడు. కనిపిస్తే ఉత్తరం రాయి. నేను కావాలని వదిలిన తప్పు అదొక్కటే" అన్నాడట. చిప్పు వచ్చింది, చూసింది, ‘ల’ లేదు. ఆటపట్టించాడనుకుని ఉత్తరం రాయలేదు. ఇద్దరూ ఎవర్నీ పెళ్లి చేసుకోలేదు. ఈ రెండింటికీ సంబంధం ఉందనడానికి నా దగ్గర ఆధారం లేదు.

నిరుడు అతను పోయాడని తెలిసింది. అప్పటినుంచి ఆమె పాత యంత్రాలమ్మే అంగళ్లు గాలించి ఆ రకం చిప్పులు మూడు సంపాదించింది. వంటింటి కిటికీ పక్కన ఒక్కతే కూర్చుని, బ్లేడుతో లోహపు మూత లేపి, మైక్రోస్కోపులో చూసేది. రెండింటికి నోటుపుస్తకంలో ‘లేదు’ అని రాసింది. మూడోదానికి నన్ను పిలిచింది.

"నువ్వు చూడు అన్నయ్యా. నావి ఆశపోతు కళ్లు."

"ఆశపోతు కళ్లకే ముందు కనబడాలి కదమ్మా!"

"వెటకారం తర్వాత. ముందు చూడు."

ఎడమ మూలన ఏమీ లేదు. కుడి మూలన చిన్న కొక్కెం లాంటిది కనిపించింది. "ఇదేమిటి?"

"తీగ మలుపు. ఆ రెండింట్లోనూ ఉంది."

"దేనికి కలిసింది?"

ఆమె వంగి చూసింది. "దేనికీ కలవలేదు."

చిప్పు మీది నంబరు సవ్యంగానే ఉంది; కొక్కెం ఒక్కటే తిరగబడిందేమో అనిపించింది. కొక్కెం ఉన్నదున్నట్టు కాగితం మీద గీసి, వెనక్కి తిప్పి కిటికీ వెలుతురుకు పట్టాను. స్పష్టంగా ‘ల’.

"అతను అవతల నిలబడేవాడు కదూ? అతని ఎడమ, నీ కుడి."

ఆమె కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి అంది: "నలభై ఏళ్ల కిందటా, ఇప్పుడూ నా వైపు నుంచే వెతికాను."

ఏ వైపు నుంచి రాశాడో అతను చెప్పలేదు, ఈమె అడగలేదు. తప్పు చెరిసగం.

"రుజువు సరిపోయిందా?" అడిగాను.

"సరిపోయింది."

ఆమె రెండు ‘లేదు’లనూ కొట్టేసి ‘ఉంది’ అని దిద్దింది. కొత్త పుట తిప్పి, ఉత్తరానికి వేసినట్టు పైన తేదీ వేసింది. కలం అక్కడే ఆగిపోయింది.