చింతపండుతో తోమిన బిళ్ళ

మా వెనకింటి అంకుల్ పోయారని మంగళవారం డ్యూటీ దిగి వస్తుంటే తెలిసింది. మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపు నిండా చేతులు జోడించిన బొమ్మలే. ఆయన్ని తుక్కు అంకుల్ అని నవ్వుకున్నదీ ఆ గ్రూపులోనే, ఆ నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. పొరుగుదాన్ని కదా అని నాలుగు మంచి మాటలు రాయమన్నారు. ఆయన భార్య, ఆంటీకి తెలుగు మాట్లాడడమే వచ్చు గాని చదవడం రాదు. ఆ ధైర్యంతోనే ఇది రాస్తున్నాను.

వాళ్ళది ఫిజీ. అంకుల్ తాతగారు అక్కడి చెరకు తోటల్లో కూలికని మన వైపు నుంచి ఓడెక్కారు. ఎక్కేటప్పుడు ఆయన మెడలో కట్టిన నంబరు బిళ్ళ అంకుల్ దాకా వచ్చింది. అక్కడ గొడవలయ్యాక అంకుల్ ఇక్కడికి, ఆస్ట్రేలియాలోని ఈ టూవూంబా ఊరికి వచ్చి, ఇప్పుడు మేం కొనుక్కున్న ఇంట్లోనే అద్దెకున్నారు. అప్పుడే కూతురు ఆడుకుంటూ ఆ బిళ్ళను పెరట్లో పారేసుకుంది. ఆ నంబరుంటే ఓడ కాగితాల్లో తాతగారి ఊరు దొరుకుతుంది. దాన్ని ఎవరూ రాసి పెట్టుకోలేదు.

రిటైరయ్యాక మెటల్ డిటెక్టర్ కొన్నారు. అడిగి, ఒప్పుకున్న వాళ్ళ పెరళ్ళలోనే తిరిగేవారు. గడ్డిని మూడు వైపులా కోసి మూతలా ఎత్తి, మట్టిని పాత తువ్వాలు మీద పోసేవారు. దొరికిన పాత పెన్నీ అయినా, బొత్తాం అయినా ఇంటివాళ్ళ చేతిలోనే పెట్టేవారు. "భూమిని అడిగి తీసుకోవాల, మళ్ళా మూత పెట్టాల" అనేవారు. మేం మాత్రం కొత్త గడ్డి పాడవుతుందని రెండేళ్ళు ఒప్పుకోలేదు. ఆయన రెండోసారి అడగనూ లేదు.

చివరికి సిగ్గేసి మేమే పిలిచాం. ఒక శుక్రవారం పొద్దున, బట్టలారేసే చోట మెషిన్ కుయ్యోమంది. ఎర్రమట్టిలోంచి పెచ్చు కట్టిన బిళ్ళ బయటపడింది. ఆయన అక్కడే చతికిలబడి చాలాసేపు లేవలేదు. డయాలసిస్‌కి టైమైందని, దారిలో ఎక్కడైనా పడేసుకుంటానేమోనన్న భయంతో నా చేతికిచ్చారు.

"సాయంత్రం వస్తానమ్మా. అట్లనే ఉంచు," అన్నారు.

ఆ రోజు సింకు నిండా పూజ సామాను నానుతోంది. పెద్దల వస్తువును మకిలితో ఎలా తిరిగివ్వడం అనుకున్నాను. చింతపండు, ఉప్పు వేసి, పీచుతో రుద్దాను. తళతళలాడింది. పళ్ళెంలో పెట్టి కుంకుమ కూడా పెట్టాను. అప్పుడు చూశాను, రెండు వైపులా నున్నగా ఉంది. లోహాన్ని మట్టి ఎప్పుడో తినేసింది, అంకె మిగిలింది ఆ పెచ్చులోనే. పుండు మీద పక్కు గీకొద్దని రోజూ పేషెంట్లకు చెప్పే నర్సుని నేను.

సాయంత్రం భూతద్దం, నోటుబుక్కు తీసుకుని వచ్చారు. అటూ ఇటూ తిప్పి తిప్పి చూశారు. నేను ఏడుస్తుంటే నోటుబుక్కు మూసేశారు.

"బాగా మెరుస్తాంది," అన్నారు. "మీ ఆంటీకి చెప్పొద్దు. మట్టిలోనే అరిగిపోయిందంటాను."

నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఎంత బాగుండేది. టీ తాగి వెళ్ళారు. ఆ తర్వాత మెషిన్ బయటికి తీయలేదు. కంచె దగ్గర కనిపిస్తే ఎప్పటిలాగే నమస్కారం పెట్టేవారు, నేనే తల దించుకుని లోపలికి వచ్చేసేదాన్ని.

నిన్న ఫ్యూనరల్‌లో కూతురు ఇంగ్లీషులో మాట్లాడింది. నాన్నకు తన ఊరేదో తెలుసుకోవాలని ఉండేదని, తెలియకుండానే పోయారని చెప్పింది. దాన్ని తనే పారేసిందని అందరి ముందూ ఏడ్చింది. నేను నోరు విప్పలేదు. ఆంటీ నా చెయ్యి పట్టుకుని ఆయన్ని పడుకోబెట్టిన పెట్టె దగ్గరికి తీసుకెళ్ళి, ఈ బిడ్డే కడిగి ఇచ్చిందని వచ్చినవాళ్ళకు చూపించారు. నల్లదారానికి గుచ్చి ఆయన మెడలో వేసిన ఆ బిళ్ళ ఆఖరి వరసకు కూడా కనిపించేలా మెరుస్తోంది.