ఆడని ఏడాది

ఇప్పుడు అనంతపురంలో అమ్మాయిలకు హాకీ నేర్పుతున్నాను. విదేశాల్లో ఆడిన మ్యాచ్‌ల గురించి చెప్పమని అడుగుతారు వాళ్లు. నాకు మాత్రం ఆడని ఏడాదే ఎక్కువ గుర్తు.

దేశం తరఫున ఆడుతున్న రెండో పెద్ద టోర్నీ అది. అవతలివాళ్లు పెనాల్టీ కార్నర్ కొట్టేటప్పుడు గోల్ దగ్గర నుంచి దూసుకెళ్లి బంతిని అడ్డుకోవడం నా పని. ఆ రోజు పాదం టర్ఫ్‌కు అతుక్కుపోయింది, మోకాలు మాత్రం తిరిగింది. లోపల ఏదో తెగిన చప్పుడు నాకు వినబడింది.

ఆపరేషన్ అయ్యాక జట్టు శిక్షణ క్యాంపులో నా చోటు ఇంకో అమ్మాయికి ఇచ్చారు. ఇవ్వాల్సిందే. నేను ముదిగుబ్బ దగ్గర మా ఊరికి వచ్చేశాను. వచ్చినవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: "మళ్లా ఎప్పుడాడతావు పాపా?" నేను గది దాటి రావడం మానేశాను. టీవీలో మా జట్టు ఆడుతుంటే అమ్మ చప్పుడు చేయకుండా ఛానల్ మార్చేది.

ఒక పొద్దున గొర్రెల్ని తోలుకెళ్తూ నాయన తలుపు దగ్గర ఆగాడు.

"లెయ్ పాపా. నువ్వూ రా."

"యాడ నడుస్తాను నాయనా, ఈ కాలితో?"

"గొర్రె మేసుకుంటా పోతాది. దానికన్నా నిదానం ఏముండాది?"

కర్ర పట్టుకుని బయలుదేరాను. వేరుశనగ పీకేసిన చేన్ల మీదుగా ఆయన ముందు నడిచేవాడు. వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. కానీ నేను ఆగిన ప్రతిసారీ ఆయనకు బీడీ ముట్టించుకునే పని పడేది. డాక్టరు చెప్పిన వ్యాయామాలు గట్టు మీద కూర్చుని చేసేదాన్ని. కొన్నాళ్లకు కర్ర అక్కర్లేకపోయింది.

ఒకరోజు ఒక పొట్టేలు పక్కవాళ్ల కందిచేలో దూరింది. వెళ్లి మళ్లించుకొచ్చాను. పరుగెత్తానని తిరిగొచ్చాక గానీ నాకు తెలియలేదు. నాయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఎండ శానా ఉండాది" అన్నాడు.

మళ్లీ క్యాంపుకు వెళ్లాను, జట్టులోకి వచ్చాను. ఒక సీజన్ ఆడాను. కానీ మునుపటి వేగం రాలేదు. ఎవరైనా పక్కన పెట్టకముందే నేనే తప్పుకుందామనుకుని నాయనకు ఫోన్ చేశాను.

"ఇంక చాలనుకుంటాండాను నాయనా."

"కాలు నొస్తాందా?"

"లేదు."

"అయితే సరే. ఎప్పుడొస్తావు?" అన్నాడు.