లేపు అన్నది నేనే

నాలుగో తరగతితో బడి మానేసినవాణ్ణి నేను. నేను మానేసిన రోజు అయ్యవారు కొబ్బరికాయ కొట్టాడని మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మాట పుట్టించింది కూడా నేనే. నా మీద నేనే నవ్వు పుట్టించుకుంటే ఇంకెవరూ నా లోపలికి తొంగిచూడరని చిన్నప్పుడే కనిపెట్టాను. లోపల ఒక బరువుంది. జొన్నసొప్ప మోపైతే దించి పక్కన పెట్టొచ్చు. ఇది దిగలేదు. ఇన్నేళ్ళు మోశాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

కర్నూలు రాజధాని అయిన కొత్తలు. ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ మా ఊరు. జొన్నలు కోశాక కంకులు విరిచి, సొప్పను కట్టలు కట్టి, చేలోనే కుప్పలు వేసేవాళ్ళం. బాగా ఎండాక వాటిని లేపి, బండ్లకెత్తి, దొడ్లో వామి వేయాలి. ఆలోగా కుప్ప కింద ఒక ఊరు వెలిసేది. తేళ్ళు, ఎలుకలు, ఎలుకల కోసం పాములు. ఒక్కోసారి కుందేలు దుమికితే పని వదిలి అందరం దాని వెంట పడేవాళ్ళం.

అందుకని ఒక పద్ధతి ఉండేది. ఒకడు కట్టె పట్టుకుని ముందు పోతాడు. కుప్పను మూడు వైపులా గట్టిగా కొడతాడు. నాలుగో వైపు వదిలేస్తాడు, లోపలున్నది పారిపోవడానికి. అది పోయిందని చూసుకుని "లేపు" అంటాడు. ఆ మాట వినకుండా ఎవడూ కుప్పలో చెయ్యి పెట్టడు. పెట్టినవాణ్ణి ఇంకే గుంపూ పనికి పిలవదు. నోరున్నవాణ్ణని ఆ కట్టె నాకిచ్చారు.

ఉసేనప్ప మా గుంపులోనే ఉండేవాడు. ఎమ్మిగనూరులో మేనమామ దగ్గర నేత నేర్చుకున్నాడు. సొప్ప పని ముగియగానే భార్యను తీసుకుని అక్కడికే పోయి, సొంత మగ్గం వేసుకోవాలని వాడి ఆశ. మాటలు తక్కువ. నాకు అలాంటివాళ్ళంటే పండగ. వాడి పెద్ద పాదాల మీద రోజుకొక హాస్యం కట్టేవాణ్ణి, మగ్గం గుంతలో అవి పట్టవనీ, ఒకటి ఇంట్లో పెట్టి పోవాలనీ. వాడు తల వంచుకుని పని చేసుకునేవాడు.

ఒక మధ్యాహ్నం రొట్టెలు తింటుంటే, తలెత్తకుండానే అన్నాడు: "నీకు కట్టె ఏంటికప్పా? ఊరికే నోరు తెరువు సాలు. పాములు వాటంతట అవే సేను ఇడిసి పోతాయి."

అందరూ పొలమారేట్టు నవ్వారు. మా గుంపు పెద్ద లక్ష్మన్న కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఓడిపోయినట్టు కదా. కానీ మిగిలిన రొట్టె మళ్ళీ మూటకట్టేశాను.

తిన్నాక మొదటి కుప్ప. మిగతావాళ్ళు బండి దగ్గరున్నారు. కుప్ప దగ్గర నేనూ ఉసేనప్పా. కుప్ప కింద జానెడు తోక లోపలికి జరిగింది. గోధుమ రంగు మీద గొలుసు మచ్చలు.

జెర్రిపోతు అనుకున్నానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. జెర్రిపోతుకు గొలుసు మచ్చలుంటాయా? ఉండవు. కట్టె పట్టినవాడికి రక్తపింజరి తెలియదా? తెలుసు. వాడు చావాలనుకున్నానా? లేదు. వాడు అరవాలనుకున్నాను. పంచె ఊడేట్టు ఎగిరి, అందరి ముందూ ఒక్క కేక పెట్టాలి, దానికి నేను వేయబోయే మాట కూడా నాలుక చివర సిద్ధంగా ఉంది, ఆ ఒక్క మాట కోసం మగ్గం నేసే చేతిని పాము ముందు పెట్టడానికి నాకు రెప్పపాటు కూడా పట్టలేదు.

దుమ్ము దులిపినట్టు పైపైన తట్టి అన్నాను: "లేపప్పా, ఏం లే."

వాడు అరవలేదు. చెయ్యి చూసుకుని కూలబడ్డాడు. కొలిమితిత్తిలా బుసకొడుతూ బయటికొచ్చిన పింజరిని నేనే కొట్టి చంపాను. పరిగెత్తి వచ్చినవాళ్ళు నన్ను శెభాష్ అన్నారు.

లక్ష్మన్న నన్నడిగాడు: "కట్టె కొట్టినావా లేదా?"

"కొట్టినా అన్నా. లేపు అనకముందే సెయ్యి పెట్టినాడు. ఆత్రం."

కింద నుంచి ఉసేనప్ప గొణిగాడు. "అన్నాడు... లేపు అన్నాడు."

"ఇసం తలకెక్కిందన్నా. పాము లేపు అనినట్టుంది ఈనికి."

ఎవరో కిసుక్కుమన్నారు. అది విని నాకెలా ఉందో రాయాలంటే చెయ్యి ఆగుతోంది. బాగుందనిపించింది. అదీ నేను.

ఎద్దులబండిలో ఆదోనికి తీసుకుపోయారు. బతికాడు. బొటనవేలూ దాని పక్క వేలూ తీసేశారు. మిగిలినవి వంగవు. నూలు విసిరే నాడె పట్టని చేతికి మగ్గమెక్కడిది? ఏ గుంపూ పిలవలేదు. మేకలు కాచుకున్నాడు. ఊరు వాణ్ణి ఆత్రం ఉసేనప్ప అంది. భార్య కూడా కోపమొస్తే ఆ పేరుతోనే తిట్టేది. ఆ పేరు పెట్టిందెవరో మీకు వేరే చెప్పాలా?

ఆ తరువాత ఎన్నో కోతలకు ఆ కట్టె నా చేతిలోనే ఉంది. ఇంకెవరినీ పాము ముట్టలేదు. అంత జాగ్రత్త నాకు వచ్చునన్నమాట. మరి ఆ రోజు ఏమైంది?

మొన్న శ్రావణంలో ఉరుకుంద పరసలో, జాతర బస్సుల దగ్గర వాణ్ణి చూశాను. ముసలివాడైపోయాడు. టెంకాయల మూటకు ముడి వేస్తున్నాడు, ఒక కొస పళ్ళతో పట్టుకుని. ఆ ముడి చూశాక నిలబడలేకపోయాను. పక్కన కూర్చుని చెప్పేశాను, లేపు అన్నది నేనేనని, పింజరిని చూసే అన్నానని. చెప్పాక ఊపిరి లోపలి దాకా పోయింది. ఊరికి మాత్రం ఇంకా చెప్పలేదు. ఈ కాగితమే మొదలు.

వాడు ముడి పూర్తిగా బిగించాడు. తరువాత మూట ఎడమచేత్తో భుజానికెత్తుకుని అన్నాడు:

"నాకు సెప్తాండావా? పాము కరిసింది నా సెయ్యినప్పా. సెవులు బాగానే ఉండాయి."