మునివెంకటమ్మ మరిచిన గడప

సుగటూరులో ఎవరు అలిగినా కబురు ముందు మునివెంకటమ్మకే పోతుంది. గడ్డం పట్టుకుని బతిమాలడం ఆమె పద్ధతి కాదు. పోయి అరుగు మీద కూర్చుని, ఆకు వక్క నోట్లో వేసుకుని, వేరే ఏదో మాట్లాడుతుంది. పాల డైరీ సెక్రెటరీతో గొడవపడి ముత్యాలప్ప పది రోజులు డైరీకి పాలు పొయ్యడం మానేస్తే, ఆమె డైరీ ఊసే ఎత్తలేదు.

"మీ ఎర్రావు పాలల్లో ఉండే వెన్న ఊర్లో ఇంగ యా ఆవుకీ లేదంటనే. డైరీలో అందురూ అదే చెప్పుకుంటా ఉండారప్పా" అని, లేచి వచ్చేసింది. మర్నాడు తెల్లారేసరికి ముత్యాలప్ప క్యాను డైరీలో ఉంది. కొండమీది కోతినైనా దింపే మనిషి మా తాలూకాలో ఈమె ఒక్కతే అని చెప్పడానికి మొహమాటం అక్కర్లేదు.

అయితే ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఆమె రచ్చ గెలిచింది గానీ, ఇంట మూడేళ్లుగా ఓడిపోయే ఉంది. మరిది చిన్నప్పతో మాటల్లేవు. ఆమె కాపురానికి వచ్చేనాటికి చిన్నప్ప తల్లి లేని ఎనిమిదేళ్ల పిల్లవాడు. రాగిముద్ద వద్దని మూతి ముడిస్తే, "సరే, దూడకు పెడతా. రేపు అది బలిసి నిన్నే తోస్తాది" అని తినిపించి పెంచింది. అలాంటివాణ్ణి తన కొడుకు మునిశంకర్ పెళ్లికి పిలవలేదు. ఇంటింటికీ పోయి కుంకుమ, ఆకు వక్క ఇచ్చి చెప్పిన మనిషి చిన్నప్ప గడప మాత్రం తొక్కలేదు. మనింటివాడికి పిలుపేమిటి, పందిరి వేయించేది వాడే కదా అనుకుంది. చిన్నప్ప రాలేదు. పెంచినదాన్ని, నేను పోవాలా అని ఆమె. పిలవని చోటికి పోవాలా అని అతను.

ఈ వేసవిలో వడగండ్ల వాన ఆమె మల్బరీ తోటను చీల్చి పారేసింది. ఊరికి అవతల ఉన్న చిన్నప్ప తోట మీద ఒక్క వడగల్లు కూడా పడలేదు. వాన కూడా మనుషుల్ని చూసుకునే పడుతుంది కాబోలు. ఇంట్లో పట్టుపురుగులు గూడు కట్టడానికి ఇంకా ఐదు రోజులు. అవి ఆబగా తినే రోజులు. ఆకు లేకపోతే పంటంతా పెంటకుప్పకే. మునిశంకర్ మూడు ఊళ్లు తిరిగి వట్టి చేతులతో వచ్చాడు.

"పురుగులు తలలెత్తి చూస్తా ఉండాయి. చిన్నాయన కాడికి నువ్వు పోమ్మా. ఊరందర్నీ ఒప్పిస్తావు గదా" అన్నాడు.

పోయింది. చిన్నప్ప ఆకు కోస్తున్నాడు.

"ఏమప్పా చిన్నప్పా, తోటను చూసేదానికి కండ్లు చాలడంలేదు. ఈ పక్క నీ మాదిరి సేద్యం..."

"ఇంగ చాలు వదినా" అన్నాడతను తలెత్తకుండా. "అప్పుడు దూడ పేరు చెప్పి ముద్ద తినిపించినావు. ఇప్పుడు తోట పేరు చెప్తా ఉండావు. ఆ మాటలన్నీ నాకు తెలుసు."

మునివెంకటమ్మ నలభై ఏళ్లుగా ఊరికంతా పంచిన మాటల్లో ఒక్కటీ ఇక్కడ పనికిరాలేదు. సిగ్గేసింది.

"తప్పు నాది చిన్నప్పా. నీ గడపకు కుంకుమ తేకపోతిని. నువ్వూ నా బిడ్డే గదా, పిలిచేదేంది అనుకుంటిని. నువ్వు ఆకు ఇచ్చినా, ఇయ్యకపోయినా, ఈ మాట మూడేండ్ల ముందే చెప్పాల్సింది" అని వెనక్కు తిరిగింది.

చిన్నప్ప కొడవలి కింద పెట్టాడు. "ఎవురు అలిగినా పోయి పిల్చుకొస్తివి. నా కాడికి ఒక్కనాడూ రాకపోతివే వదినా. దినామూ వాకిలి పక్కే చూస్తా ఉంటిని" అన్నాడు. ఆమె కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది.

సాయంత్రానికి ట్రాక్టర్ నిండా ఆకు వచ్చింది. చిన్నప్ప కాళ్లు కడుక్కుని, పురుగుల ఇంట్లోకి తానే పోయి, తట్టతట్టకూ పరిచాడు. ఐదు రోజులూ అలాగే తెచ్చాడు. గూళ్లు గట్టిగా, తెల్లగా కట్టాయి.

మొదటి రోజు అన్నాల వేళ ఆమె అతని కంచంలో రెండో ముద్ద పెట్టబోయింది. చిన్నప్ప చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దా? సరే, దూడకు పెడతా" అంది మునివెంకటమ్మ, కొడుకు వైపు గర్వంగా చూస్తూ.

యాభై ఏళ్ల మనిషి చెయ్యి తీసేసి, కంచం ఆమె ముందుకు జరిపాడు.